ఎదెల్మీరాకి బ్రేకు పట్టని ఆదివారం

కొలోనియా బెల్ట్రామో ఊళ్లో ఎదెల్మీరా రాక్కా ఇల్లెక్కడ అని అడిగితే జనం ఒక్క క్షణం బుర్ర గోక్కుంటారు. 'నలభై' ఇల్లెక్కడ అంటే మాత్రం చెయ్యి దానంతటదే లేచి దారి చూపిస్తుంది. ఆవిడ బడి బస్సు నడిపిన మనిషి. పొలాల మధ్య విసిరేసినట్టుండే ఇళ్ల నుంచి పొద్దున్నే పిల్లల్ని ఏరుకొచ్చి బడి దగ్గర దింపడం, మధ్యాహ్నం ఎవరి గుమ్మంలో వాళ్లని అప్పగించడం. బస్సెక్కిన నాటి నుంచి దిగిపోయిన నాటి దాకా ఆ బండి వేగం ముల్లు నలభై దాటి ఎరగదు. వెనకాల పాల లారీలు హారన్లు కొట్టీ కొట్టీ గొంతు పోగొట్టుకునేవి. ఎవడైనా పక్కకొచ్చి కిటికీలోంచి అరిస్తే ఆవిడ వెనక సీట్ల వైపు బొటనవేలు చూపించి, "అవి బంగాళాదుంప బస్తాలు కావయ్యా" అనేది. అంతే, అంతకు మించి వాదించేది కాదు.

అలాంటి మనిషి రిటైరైన ఏడాదే పందెం కార్టు కొన్నది.

దానికి పెద్ద కారణమేమీ లేదు. ఒక ఆదివారం మొగుడు లీవియోతో కలిసి ధాన్యం గోదాముల వెనకున్న మట్టి ట్రాక్ దగ్గరికి పోయింది, కాలక్షేపానికి. అక్కడ యనీనా ద్రువెత్తా కనిపించింది. యనీనాది కార్టులు బాగుచేసే షెడ్డు. చిన్నప్పుడు ఎదెల్మీరా బస్సులో ప్రతి మలుపుకీ వాంతి చేసుకున్న పిల్ల. కడుపులో తిప్పకుండా ఉండాలంటే ముందు కూర్చుని రోడ్డు చూడమ్మా అని ఎదెల్మీరా తన పక్క సీటులో కూర్చోబెట్టుకునేది. ఆ పిల్ల రోడ్డు మానేసి ఆవిడ కాళ్ల కింద పెడళ్లు చూస్తూ పెరిగింది.

"ఒక్క చుట్టు తిరిగి రండి దోన్యా ఎదెల్, ఎవరూ లేరు" అంది యనీనా. ఆ ఊళ్లో పెద్ద ఆడవాళ్లని దోన్యా అనీ, మగవాళ్లని దోన్ అనీ మర్యాదగా పిలుస్తారు.

కార్టంటే జానెడెత్తున ఇనప గొట్టాల చట్రం, వెనక మోటర్‌సైకిల్ ఇంజను, కుడికాలి కింద వేగం, ఎడంకాలి కింద బ్రేకు. ఎదెల్మీరా కూర్చుంది. మొదటి చుట్టు బస్సులాగే తిరిగింది. రెండో చుట్టులో అలవాటుగా తలెత్తి అద్దంలోకి చూడబోయింది. అద్దం లేదు. వెనక తలలు లేవు. ఎవరి అమ్మా ఏ గుమ్మంలోనూ ఎదురు చూడట్లేదు. ఉన్నది తన ఒక్క ప్రాణం. కుడికాలు మొత్తం నొక్కేసింది. తిరిగొచ్చి హెల్మెట్ తీసేసరికి కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు, పళ్లనిండా మట్టి.

"ఏమైంది నీకు ముసలీ?" అన్నాడు లీవియో హడలిపోయి.

"నాకిది కావాలి ముసలోడా" అంది.

పందేల్లో పెద్దవాళ్ల తరగతిలో బళ్లు తోలేవాళ్లంతా ఒకప్పుడు ఆవిడ బస్సులో వచ్చినవాళ్లే. ఇప్పుడు గడ్డాలు, బొజ్జలు, బట్టతలలు వచ్చాయి గానీ ఆవిడ కంటికి ముక్కు చీదుకునే పిల్లలే. వాళ్లలో అందరికన్నా నోరు ఎక్కువున్నవాడు నెస్తోర్ జ్బ్రున్, విత్తనాల కొట్టువాడు. ముందు సీటు పిల్లల జడలు వెనక సీటుకి కట్టేసిన ఘనుడు. మొదటి పందెంలో ఆవిణ్ణి దాటుతూ చెయ్యి ఊపి, "దోన్యా ఎదెల్, నా స్టాపు దాటిపోయింది, ఆపండీ!" అని అరిచాడు. ఎదెల్మీరా అన్నిటికన్నా చివర వచ్చింది. అయినా ఆ రాత్రి పిల్లలా నిద్రపోయింది.

లీవియో పాడి రైతు. ఆవుల్ని అమ్మేశాడు గానీ ట్రాక్టరుని అమ్మలేకపోయాడు. దాన్ని చూసుకోవడానికే పొద్దున లేచేవాడు. ఇంట్లో తలుపు కిర్రుమన్నా, కుట్టుమిషను బిగుసుకున్నా, తాళం తిరక్కపోయినా ఆయన దగ్గర ఒకటే మందు: ట్రాక్టరు షెడ్డులోని హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా. పెళ్లాం కార్టు కొన్నాక దాన్ని కడగడం, తుడవడం, నట్లు బిగించడం తన పనిగా పెట్టుకున్నాడు. పైకి విసుక్కునేవాడు. చేతులు మాత్రం దాన్నే పట్టుకుని ఉండేవి.

రెండో పందెం ముందు శనివారం ప్రాక్టీసులో బండి బరువెక్కినట్టయింది. ఎంత నొక్కినా ముందుకు దూకట్లేదు, బురదలో ఎద్దులా ఈడుస్తోంది. పెట్రోలు గొట్టం చూశారు. కార్బురేటర్ విప్పి ఊదారు. ప్లగ్గు మార్చారు. చుట్టూ చేరిన ప్రతివాడూ ఒక వైద్యం చెప్పాడు.

"ఇంజను ముసలిదైంది" అన్నాడొకడు.

"ఇంజను కాదురా, ఆ మనిషి పాదమే నలభై దగ్గర ఆగిపోతోంది. దానికి కార్బురేటర్ ఏం చేస్తుంది?" అన్నాడు నెస్తోర్.

"నిన్ను ఆ రోజుల్లో జ్బ్రున్‌ల గేటు దగ్గర దించకుండా నది దాకా తీసుకుపోవాల్సింది" అంది ఎదెల్మీరా.

యనీనా ఆ రోజు ఊళ్లో లేదు, పక్క ఊరికి చక్రాలు తేవడానికి పోయింది. ఉంటే కథ అక్కడే ఆగిపోయేది.

ఆదివారం ఎండ బాగా కాసింది. ట్యాంకరు నీళ్లు చల్లి పోయింది. రోలరు తొక్కిన ట్రాక్ నల్లగా, గట్టిగా, వెన్న రాసినట్టుంది. ట్రాక్ చివర మలుపు దగ్గర, పాత టైర్ల గోడ వెనకాల, ఊరి అగ్నిమాపక దళం వాళ్లు బల్లలు వేసుకుని చోరీపాన్లు, అంటే సాసేజి పెట్టిన రొట్టెలు, అమ్ముతున్నారు. బొగ్గుల మీద సాసేజిలు చిటచిటలాడుతున్నాయి, కోసిన రొట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి. జెండా ఊపారు. బళ్లు మట్టి లేపుకుంటూ లేచాయి.

కొన్ని చుట్లు బాగానే నడిచింది. తర్వాత కాలిన వాసన మొదలైంది. సాసేజిలేమో అనుకుంది ఎదెల్మీరా. ఆ మలుపు దాటి దూరంగా వచ్చినా వాసన వెంటే ఉంది. నేరుగా ఉన్న దారిలో వేగం అందుకుంది. మలుపు దగ్గర పడింది. ఎడంకాలు నొక్కింది.

పెడలు దిగింది. ఆగాల్సిన చోట ఆగలేదు, ఇంకా దిగింది, నేలకి తగిలింది. చీకట్లో మెట్టు ఉందనుకుని కాలు పెడితే మెట్టు లేనట్టు. బుర్ర పని చేసిందో లేదో గానీ కాలికి పాత అలవాటు ఉంది. గబగబా నాలుగైదు సార్లు తొక్కింది. ఎక్కడో అడుగున కాస్త పట్టినట్టయింది. స్టీరింగు తిప్పేసింది. కార్టు అడ్డంగా తిరిగి, మట్టిని ఎగజిమ్ముతూ, వెనక నుంచి పోయి టైర్ల గోడని గుద్దుకుంది. టైర్లు బొంగరాల్లా తలో దిక్కుకీ పోయాయి. ఇంకా ఊపు మిగిలి, కార్టు తాపీగా రొట్టెల బల్ల కిందికి దూరి ఆగింది. బల్ల మీదున్నదంతా ఆవిడ మీదికి దిగింది.

అగ్నిమాపక దళానికి అంతకన్నా మంచి రోజు రాలేదు. ఏళ్ల తరబడి ఆ ఊళ్లో చెప్పుకోదగ్గ మంటే లేదు. నలుగురూ నాలుగు సిలిండర్లు పట్టుకుని ఒక్కసారిగా తెల్లపొడి కొట్టారు. ఎదెల్మీరా మీద కొట్టారు, రొట్టెల మీద కొట్టారు, ఆత్రంలో ఒకరి మీద ఒకరు కొట్టుకున్నారు. మైకులోంచి వ్యాఖ్యాత గొంతు మోగింది: "ప్రేక్షక మహాశయులారా, నలభై గారు భోజనానికి వెళ్లారు!"

పొడిలోంచి ఆవిడ లేచి నిలబడింది, పిండిలో దొర్లించిన చేపలా. భుజం మీద ఒక సాసేజి ఉంది. చేతులు కదిపింది, కాళ్లు కదిపింది. అన్నీ ఉన్నాయి. లీవియో కంచె దూకి వచ్చాడు. మోకాళ్ల నొప్పులని చర్చిలో కూడా మోకరిల్లని మనిషి కంచె దూకాడు.

"ఏమైంది? ఏమైందే?"

"బ్రేకు లేదు" అంది. భుజం మీది సాసేజి తీసి ఆయన చేతిలో పెట్టింది.

కార్టుని ట్రాక్ పక్కన యనీనా వేసుకున్న గుడారంలోకి మోసుకొచ్చారు. పందెం అయిపోయాక జనమంతా అక్కడే చేరారు. యనీనా ఎవరి మాటా వినలేదు. వెనక భాగం స్టాండు మీదికి ఎత్తించి, చేత్తో చక్రం తిప్పబోయింది. చక్రం కదల్లేదు. దానితో పాటు తిరిగే బ్రేకు డిస్కు నెమలి మెడలా నీలంగా మారి ఉంది. దాని దగ్గరికి చెయ్యి పెడితే కొలిమి సెగ.

"నిన్నంతా ఇంజను మీద పడి ఏడ్చారు" అంది. "ఇది బ్రేకు వేసుకునే పరిగెత్తింది పాపం. అందుకే ఈడ్చింది."

"ఆగాగు" అన్నాడు నెస్తోర్. "బ్రేకు పట్టేసి ఉంటే మరి ఆగకుండా చోరీపాన్ తినడానికి ఎలా పోయింది?"

"పట్టేసి ఉండబట్టే పోయింది. వదలకుండా రాసుకుని డిస్కు కాలింది. ఆ వేడికి లోపల ఉన్నది మరిగింది. మరిగితే బుడగలు. బుడగల్ని నొక్కితే ఏముంటుంది? దిండుని నొక్కినట్టే. పెడలు నేలకి పోతుంది."

"సరే, అసలెందుకు పట్టేసింది?"

"అదే చూద్దాం."

వెనక డిస్కుని పట్టుకునే కాలిపర్ మీద చిన్న మర ఉంటుంది. యనీనా దాన్ని పానాతో పావు చుట్టు విప్పింది. చుయ్యిమని ఆయిల్ చిమ్మింది. వెంటనే చక్రం తిప్పి చూస్తే హాయిగా తిరిగింది.

"చూశారా? డిస్కుని అదిమే ప్యాడ్లు ఇరుక్కోలేదు. ఒత్తిడి లోపల ఉండిపోయింది. కాలు తీసేసినా ఆయిల్ వెనక్కి పోవడానికి దారి లేదు. ఆ దారి ఉండేది ముందు, పెడలు దగ్గరి మాస్టర్ సిలిండర్లో."

ముందుకు వచ్చి సిలిండర్ మూత విప్పింది. మూత కింద ఉండాల్సిన పల్చటి రబ్బరు బిళ్ల వర్షంలో మొలిచిన పుట్టగొడుగులా ఉబ్బి, ముడతలు పడి, బయటికి పొంగి ఉంది. మళ్లీ లోపల పెడదామన్నా పట్టదు. యనీనా వేలు ముంచి రెండు వేళ్ల మధ్య రాసి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎవరి చేతిలోదో ప్లాస్టిక్ గ్లాసు లాక్కుని, నీళ్లు పోసి, ఆ సిలిండర్లోది నాలుగు చుక్కలు వదిలింది. చుక్కలు పైన తేలి, తేనె రంగు కళ్లలా పైకి చూశాయి. తన డబ్బాలోంచి కొత్త బ్రేక్ ఆయిల్ ఇంకో గ్లాసులో వదిలింది. అది నీళ్లలో కలిసిపోయి కనపడకుండా పోయింది.

"బ్రేక్ ఆయిల్ అనేది పేరుకే ఆయిల్. నూనె కాదు, నీళ్లలో కలుస్తుంది. ఇది అచ్చమైన నూనె. నూనె తగిలితే ఈ రబ్బర్లు ఉబ్బిపోతాయి. ఉబ్బి దారి మూసేశాయి." తలెత్తి చుట్టూ చూసింది. "ఎవరు పోశారు?"

ఎదెల్మీరా వంగి గ్లాసు వాసన చూసింది. చూడక్కర్లేదు కూడా. ఆ వాసనని ఎన్నేళ్లుగా చొక్కాల్లోంచి ఉతుకుతోందో, ఎన్ని దిండు గలీబులకి అంటుకుందో ఆవిడకి తెలుసు. జనం వెనకాల లీవియో నిలబడి ఉన్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ముఖంలో నెత్తురు లేదు. నోరు తెరవబోతున్నాడు.

"నేనే పోశాను" అంది ఎదెల్మీరా.

"మీరా?" అంది యనీనా.

"తగ్గిందనిపించింది. షెడ్డులో డబ్బా కనిపించింది. ఆయిల్ ఆయిలేగా అనుకున్నాను."

గుడారం కూలినంత నవ్వు.

"బస్సుకి కూడా ఇదే పోసేవారా దోన్యా ఎదెల్? అందుకేనా అది కదిలేది కాదు?" అన్నాడు నెస్తోర్.

"ఈసారి పొద్దుతిరుగుడు నూనె పోయండి, గుండెకి మంచిది!" అన్నాడింకొకడు.

ఆవిడ అందరితో పాటు నవ్వింది. లీవియో నవ్వలేదు. టోపీ పెట్టుకుని వ్యాను దగ్గరికి పోయి కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక కూడా అంతే. పళ్లెం ముట్టుకోలేదు. ఎదెల్మీరా, అక్కడివాళ్లు టీలా తాగే మాతే ఆకుని చిన్న గిన్నెలో నింపి, వేడినీళ్లు పోసి, పీల్చే గొట్టం ఆయన వైపు తిప్పి ఇచ్చింది. తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

"ఎందుకలా చెప్పావ్?"

"ఏం చెప్పమంటావ్?"

"నిజం."

"నిజం చెబితే ఆ తర్వాత నీ మొహం చూడాల్సింది నేనే కదా, వాళ్లు కాదు."

"ప్యాడ్లు అరిగి ఆయిల్ కిందికి దిగింది. మంచి చేస్తున్నాననుకున్నాను." గిన్నె బల్ల మీద పెట్టేశాడు. "నువ్వు చచ్చిపోయేదానివి."

"సాసేజిల్లో పడి చచ్చినవాళ్లు ఎవరూ లేరు ముసలోడా. తాగు, చల్లారిపోతోంది."

తాగాడు గానీ నవ్వలేదు. మర్నాడు కార్టుని ముట్టుకోలేదు. ఆ మర్నాడూ అంతే. యనీనా వ్యాను వచ్చి కార్టుని తీసుకుపోతుంటే షెడ్డులోంచి బయటికే రాలేదు. తలుపు కిర్రుమంటే కిర్రుమననిచ్చాడు. ఎదెల్మీరాకి ఆ కిర్రు వినపడ్డప్పుడల్లా ఒళ్లు మండేది.

ఆవిడ గొడవ ఆవిడకుంది. ఎవరికీ చెప్పలేదు గానీ కూర్చున్న చోటల్లా ఎడంకాలు నేలని నొక్కి చూసుకుంటోంది. చర్చిలో, జుట్టు కత్తిరించే చోట, కూరగాయల కొట్టు బల్ల కింద. నేల ఉందా, గట్టిగా ఉందా అని. ఒకసారి నిద్రలో లీవియో పిక్క మీద అంత గట్టిగా తొక్కింది, ఆయన కేకేసి లేచాడు. కార్టు అమ్మేద్దామా అనుకుంది. కొనేవాడికి ఏమని చెప్పాలి? బ్రేకు బాగానే ఉంది గానీ నాకు నమ్మకం లేదనా?

అమ్మే ముందు అసలు దాని లోపల ఏముందో చూద్దామని యనీనా షెడ్డుకి పోయింది.

యనీనా అన్నీ విప్పి బల్ల మీద పరిచింది. చూస్తే భయపడాల్సిందేమీ లేదు. ముందు ఒక చిన్న గొట్టం, అందులో ముందుకీ వెనక్కీ జరిగే పిస్టన్. పెడలు నొక్కితే పిస్టన్ ముందుకు పోయి ఆయిల్‌ని తోస్తుంది. ఆయిల్ పైపు గుండా వెనక్కి పోయి ఇంకో రెండు పిస్టన్లని తోస్తుంది, అవి ప్యాడ్లని డిస్కుకి అదుముతాయి. "ఇంతేనా?" అంది ఎదెల్మీరా. "ఇంతే" అంది యనీనా. రబ్బర్లన్నీ నానిన శనగల్లా ఉబ్బి ఉన్నాయి. ఒక్కటీ దాచకుండా పారేసింది. నూనె పీల్చిన హోస్ పైపూ పారేసింది. ఇనప ముక్కలన్నిటినీ స్పిరిట్‌తో కడగమని ఎదెల్మీరాకి ఇచ్చింది. మూడు నీళ్లు పోసి చేపలు కడిగినట్టు కడిగింది ఆవిడ. డిస్కు వంగలేదని తిప్పి చూశారు. మాడిన ప్యాడ్లు మార్చారు. కొత్త రబ్బర్లకి కొత్త బ్రేక్ ఆయిలే తడిపి ఎక్కించారు. ఒక్కో ముక్క లోపలికి పోతుంటే ఎదెల్మీరా అది సరిగ్గా కూర్చుందో లేదో వేలితో నొక్కి చూసుకుంది.

"ఇక పైపులోని గాలి తీయాలి. ఇద్దరుండాలి దానికి" అంది యనీనా. ఆవిడ వైపు ఓరగా చూసింది. "దోన్యా ఎదెల్, నేను పసిపిల్లని కాదు. మీ షెడ్డులో డబ్బా ఎవరి చేతి కిందుంటుందో నాకు తెలుసు."

"తెలిస్తే నోరు మూసుకో."

"మూసుకున్నాను కదా ఇన్నాళ్లూ" అని ఫోన్ తీసింది. "దోన్ లీవియో, ఒక లారీ దిగబడింది, లాగాలి. మీ ట్రాక్టరు తెస్తారా?"

ట్రాక్టరు మాట వింటే ఆయన ఆగడు. దడదడమంటూ వచ్చాడు. లారీ లేదు.

"ఏదీ?"

"అదే లేచి పోయింది. వచ్చారు కాబట్టి ఈ పానా పట్టుకోండి" అని చేతిలో పెట్టి, ఎవరో పిలిచినట్టు నటించి యనీనా బయటికి పోయింది.

ముసలివాళ్లిద్దరూ మిగిలారు. ఎదెల్మీరా కార్టులో కూర్చుంది. లీవియో వెనక నేల మీద చతికిలబడ్డాడు. కాలిపర్ మర నుంచి సన్నటి గొట్టం, దాని చివర సీసాలో మునిగి ఉంది. కొత్త డబ్బా సీలు తనే తీశాడు. పోసే ముందు డబ్బా మీద రాసిందంతా, తయారుచేసిన ఊరు పేరుతో సహా, పైకి చదివాడు. ఎదెల్మీరా నవ్వు ఆపుకుంది.

"నొక్కు."

"నొక్కాను."

"పట్టుకో." మర విప్పాడు. గొట్టంలో బుడగలు గబగబా పోయాయి. పెడలు దిగింది. ఆవిడ కాలు తీసేసింది.

"వదలకే! నేను బిగించేదాకా వదలకు! గాలి మళ్లీ లోపలికి పీల్చేసింది."

"వదలొద్దని ముందు చెప్పాలి."

"పట్టుకో అన్నానుగా? పట్టుకో అంటే వదలమనా? బతుకంతా పెడళ్లు తొక్కిన మనిషివి!"

"బతుకంతా తొక్కాను గానీ వెనక నుంచి ఇంత గోల చేసినవాడు లేడు. మాట్లాడితే దింపేసేదాన్ని."

మళ్లీ మొదలుపెట్టారు. నొక్కు, పట్టుకో, వదులు. నొక్కు, పట్టుకో, వదులు. బుడగలు తగ్గాయి, ఆగిపోయాయి. అయినా పెడలు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనం పాదానికి తగలగానే ఆవిడ ముఖం మారిపోయింది. లీవియో చూశాడు.

"ఉండు" అన్నాడు. లేచి కార్టు చుట్టూ తిరిగాడు. పైపు మీద చెయ్యి వేసి ముందు నుంచి వెనక దాకా తడుముతూ పోయాడు. పాలు పితికే మిషను గొట్టాలతో నలభై ఏళ్లు కుస్తీ పట్టినవాడు. ఎక్కడ గొట్టం వంపు తిరిగి పైకి లేస్తే అక్కడ గాలి నక్కుతుందని ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. "ఇదిగో, ఇక్కడ పైపు లేచి మళ్లీ దిగుతోంది. మర పక్కకి తిరిగుంది. గాలి పైకే పోతుంది గానీ కిందికి దిగుతుందా?"

రెండు దాణా బస్తాలు లాక్కొచ్చి కార్టు వెనక భాగం కింద పెట్టాడు. పెళ్లాం ముక్కు నేలకి తగిలేంత వంగిపోయింది.

"పడిపోతానయ్యోయ్!"

"పట్టుకుని కూర్చో!" పానా పిడితో కాలిపర్ మీద టకటకా తట్టాడు. "నొక్కు. పట్టుకో." మర విప్పగానే కప్ప కన్నంత బుడగ ఒకటి బుడుక్కుమని గొట్టంలోకి వచ్చింది. ఇద్దరూ దాన్ని సీసా దాకా కళ్లతో సాగనంపారు. ఇంకోటి వచ్చింది. ఆ తర్వాత రాలేదు.

"ఇప్పుడు నొక్కు."

ఎదెల్మీరా నొక్కింది. కాస్త దిగి, పెడలు రాయిలా ఆగిపోయింది. ఇంకా గట్టిగా నొక్కింది. ఆగే ఉంది. రెండు కాళ్లతో నొక్కి చూసింది.

"ఉంది" అంది నెమ్మదిగా. "ఉంది ముసలోడా."

లీవియో పెడలు దగ్గరికి వచ్చి చేత్తో ఆడించి, "మొదట్లో కాస్త లూజుంది, అదీ బిగించేయనా?" అన్నాడు.

"చెయ్యి తీయండి అక్కణ్ణించి!" బయటి నుంచి యనీనా కేక. ఎంతసేపట్నుంచి వింటోందో. "ఆ కాస్త లూజు లేకపోతే ఆయిల్‌కి మళ్లీ దారి మూసుకుంటుంది. పెడలుకి కూడా ఊపిరి పీల్చుకోనివ్వండి!"

చివరి పందెం రోజున లీవియో వచ్చాడు. రానన్నాడు, వ్యానులోనే ఉంటానన్నాడు, చివరికి కార్టు తోసుకుంటూ ముందు నడిచాడు. బళ్లు వరసలో నిలబడ్డప్పుడు నెస్తోర్ ఊరుకుంటే బాగుండేది.

"దోన్యా ఎదెల్, ఈసారి ఏ నూనె? మా కొట్లో మంచి ఆవనూనె ఉంది, తెప్పించనా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. లీవియో కార్టు వదిలేసి నెస్తోర్ ముందుకి పోయి నిలబడ్డాడు.

"నేను పోశాను" అన్నాడు.

"ఏంటి దోన్ లీవియో?"

"చెవుడా? ట్రాక్టరు నూనె పోసింది నేను. ఆవిడ కాదు. ఆవిడకి దాని మూత ఎటు తిరుగుతుందో కూడా అప్పుడు తెలీదు. నా పరువు పోతుందని తన నెత్తిన వేసుకుంది. నవ్వాలంటే నన్ను చూసి నవ్వండి, గాడిదల్లారా!"

ఎవరూ నవ్వలేదు. నెస్తోర్ హెల్మెట్ అద్దం పైకెత్తి ఎదెల్మీరా వైపు చూశాడు. ఆవిడ చేతి తొడుగులు సర్దుకుంటోంది, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి.

"అమ్మో" అన్నాడు నెస్తోర్ చివరికి. "మా ఆవిడైతే మైకులో చెప్పేది."

అప్పుడు నవ్వారు, లీవియోతో సహా.

జెండా లేచింది. ఎదెల్మీరా మొదటి చుట్టులో ఆ మలుపు దగ్గర చాలా ముందే బ్రేకు నొక్కింది. పట్టింది. రెండో చుట్టులో ఇంకాస్త ఆగి నొక్కింది. పట్టింది. అగ్నిమాపక దళం వాళ్లు సిలిండర్లు చేతిలో పట్టుకుని ఆశగా చూస్తున్నారు. తర్వాత్తర్వాత ఎడంకాలి సంగతే మర్చిపోయింది. చివరి చుట్టులో నేరు దారి మీద ముందు నెస్తోర్ ఉన్నాడు. మలుపు వచ్చేస్తోంది. నెస్తోర్ బ్రేకు వేసి మట్టి లేపాడు. ఆవిడ వేయలేదు. ఇంకా వేయలేదు. కంచె దగ్గర లీవియో రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు. అప్పుడు నొక్కింది. కార్టు నడుం కాస్త ఊపి, గీసిన గీతలా లోపలి వైపు నుంచి తిరిగి, నెస్తోర్ ముందుకు వచ్చేసింది. దాటుతూ ఏదో అరిచింది. ఏమని అరిచిందో ఆ చప్పుడులో ఎవరికీ వినపడలేదు. నెస్తోర్ మాత్రం తనకి వినపడిందనీ, ఆడవాళ్ల ముందు చెప్పలేననీ అంటాడు.

కప్పులు ముగ్గురికే ఇస్తారు. ఎదెల్మీరా అయిదో స్థానంలో వచ్చింది. దిగగానే లీవియో కోసం చూసింది. ఆయన కంచె దగ్గరే ఉన్నాడు, కళ్ల మీది వేళ్లు విడదీయడం మర్చిపోయాడు.

"చూశావా?" అంది.

"చూడలేదు. కళ్లు మూసుకున్నాను. మళ్లీ చెప్పు, ఎలా తిరిగావ్?"

ఆవిడ చేతులతో స్టీరింగు పట్టుకున్నట్టు పట్టి చూపిస్తుండగానే నెస్తోర్ తన కార్టు తోసుకుంటూ వచ్చాడు. మొహమాటంగా నిలబడ్డాడు.

"దోన్ లీవియో, నా పెడలు కూడా మెత్తగా ఉంది ఈమధ్య. యనీనా ఒక్కతే, దానికి తీరిక లేదు. మీరు బస్తాలు పెట్టి ఏదో చేశారట కదా..."

లీవియో పెళ్లాం వైపు చూశాడు, నెస్తోర్ కార్టు వైపు చూశాడు. టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"ముందు మూత విప్పు" అన్నాడు. "లోపల ఏం పోశావో వాసన చూడాలి."

వంగిన రెండు వీపుల్నీ చూస్తూ ఎదెల్మీరా టైరు మీద కూర్చుంది. ఫ్లాస్కు తెరిచి మాతే నింపుకుంది. ఆకలి వేస్తోంది. "ముసలోడా, ఎంతసేపు?" అని కేకేసింది. ఆ రెండు తలలూ కార్టు మీదికి ఇంకా వంగాయి. ఇంకోసారి పిలవబోయి మానేసి, చోరీపాన్ల బల్ల వైపు నడుచుకుంటూ పోయింది.